నీవేమి చేసితివి?

ఇంజనీరింగు చదువుచున్న బిడ్డ గల ప్రతి గృహమునందును నాలుగవ సంవత్సరము వచ్చునప్పటికి ప్రాజెక్టు అను మాట వినబడక మానదు. తండ్రి ఆ మాట విని, దానికెంత సొమ్ము కావలెనని యడుగును. తల్లి, అది యెప్పటికి ముగియునని యడుగును. తోడి విద్యార్థులు, అది యెక్కడ దొరకునని యడుగుదురు. ఈ మూడును అంగడి సరకును గురించి యడుగదగిన ప్రశ్నలే గాని విద్యను గురించి యడుగదగినవి కావు. నాలుగవ ప్రశ్న యొకటి గలదు. "దీనిలో నీవేమి చేసితివి?" అనునది ఆ ప్రశ్న. దానిని అడుగువారు మన యిండ్లలో మిక్కిలి తక్కువ. దానిని గురించియే నేడు చదువరులతో ముచ్చటింపదలచితిమి.

మేము కొన్ని సంవత్సరములుగా విద్యార్థుల ప్రాజెక్టులను పరీక్షించు పనిలో నున్నవారము. మా యెదుటికి వచ్చునవి పలువిధములు. వానిలో కంప్యూటరు తెరపై బొమ్మలు గీయించు ప్రాజెక్టులును, బిందువులు, రేఖలు, బహుభుజులు మున్నగువానిని కంప్యూటరుచేత లెక్క కట్టించు ప్రాజెక్టులును మాకు మిక్కిలి యిష్టమైనవి. మొదటి విద్యకు కంప్యూటర్ గ్రాఫిక్స్ అనియు, రెండవదానికి గణన జ్యామితి యనియు పేర్లు. మా యిష్టమునకు కారణమిది. తక్కిన ప్రాజెక్టులలో తప్పు చాలకాలము దాగియుండగలదు. పట్టికలోని యంకె తప్పైనను అంకెవలెనే కనబడును. బొమ్మలో తప్పున్నచో కన్ను వెంటనే పట్టును. వంకర గీత వంకరగానే కనబడును. పూడని సందు సందుగానే కనబడును. తన పనిని తానే పరీక్షించుకొను నలవాటు విద్యార్థికి పట్టుబడుటకు ఇంతకంటె తగిన విద్య అరుదని మా యభిప్రాయము.

ఈ విద్యలో మొదటి పాఠము సరళరేఖను గీయుట. వినుటకు ఇది పిల్లల పనివలె తోచును. కాని కంప్యూటరు తెర యన నేమి? మిక్కిలి చిన్న గళ్ల పట్టిక. మన యిండ్లలో సాధారణముగా నుండు తెరలలో అడ్డముగా 1920, నిలువుగా 1080, వెరసి ఇరువది లక్షలకు పైగా గళ్లుండును. ఒక్కొక్క గడి ఒక్కొక్క రంగును మాత్రమే చూపగలదు. ఒక మూలనుండి మరియొక మూలకు గీత గీయవలెనన్న, ఏయే గళ్లను నింపినచో కంటికి అది తిన్నని గీతగా తోచునో నిర్ణయింపవలెను. 1962లో ఐబీఎం సంస్థలో పనిచేయుచున్న జాక్ బ్రెసెన్‌హామ్ అనునతడు, కలముతో గీయు యంత్రమునకై, దశాంశములతోను భాగహారముతోను పనిలేక పూర్ణసంఖ్యల కూడికలు తీసివేతలతోనే దీనిని నిర్ణయించు పద్ధతిని రచించెను. అది 1965లో ప్రకటింపబడెను. నేటికిని విద్యార్థులు దానినే మొదట అభ్యసింతురు.

ఆ పద్ధతిని విద్యార్థి మొదటిసారి వ్రాసినప్పుడు సామాన్యముగా నొక చిత్రము జరుగును. ఏటవాలు తక్కువగా నున్న గీతలు చక్కగా వచ్చును. నిట్రముగా లేచు గీతలు తెగిపోయి విడివిడి చుక్కలుగా కనబడును. ఏలయన, ప్రోగ్రాము అడ్డముగా నొక్కొక్క గడి చొప్పున నడచుచున్నది. గీత మాత్రము అడ్డముగా నొక గడి పోవునంతలో నిలువుగా అయిదారు గళ్లెక్కుచున్నది. నడుమనున్న గళ్లను నింపువారు లేరు. అట్టి గీతకు నిలువుగా నడువవలెనని విద్యార్థి తనంతట తాను కనుగొనవలెను. కనుగొన్ననాడు అతని ముఖమున కనబడు సంతోషము మేము పలుమారు చూచితిమి. ఆ సంతోషము ఏ దుకాణమునందును విక్రయమునకు లేదు.

ఈ శాస్త్రము పెరుగుటలో విద్యార్థుల పాలు గొప్పది. 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ యందు ఐవాన్ సదర్లాండ్ అను పరిశోధక విద్యార్థి డాక్టరేటు పట్టమునకై స్కెచ్‌ప్యాడ్ అను ప్రోగ్రామును సమర్పించెను. వెలుగు కలముతో తెరను తాకి గీత గీయుటయు, ఈ రెండు గీతలు సమాంతరములుగా నుండవలెనని యంత్రమున కాజ్ఞాపించుటయు దానివలన సాధ్యమాయెను. 1968లో ఆయన యూటా విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా చేరెను. 1972లో ఆయన శిష్యులు ఒక మోటారు బండి రూపమును కంప్యూటరులోని కెక్కింపవలెననుకొనిరి. అందులకు వారు బండి బొమ్మను ఎక్కడనో వెదకుకొనలేదు. తమ ఆచార్యుని భార్యదైన ఫోక్స్‌వాగన్ బండినే నిలిపి, దానిపై గుర్తులు పెట్టి, కొలబద్దలు చేతబట్టి ఒక్కొక్క బిందువును కొలిచి వ్రాసికొనిరి.

ఆ సంవత్సరముననే, ఆ విశ్వవిద్యాలయముననే, ఎడ్విన్ క్యాట్‌మల్ అను విద్యార్థి తరగతి ప్రాజెక్టుగా తన యెడమచేతిని ప్లాస్టరుతో అచ్చుతీసి, ఆ యచ్చుపై సుమారు 350 త్రిభుజములను, బహుభుజులను గీసి, వాని మూలలను కొలిచి కంప్యూటరు కిచ్చెను. ఫ్రెడ్ పార్క్ అను సహాధ్యాయితో కలసి, తెరపై ముడుచుకొని విప్పుకొను చేయిని చలనచిత్రముగా తీసెను. ఆ చిన్న చిత్రమును 2011లో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు భద్రపరుపదగిన చలనచిత్రముల పట్టికలో చేర్చిరి. క్యాట్‌మల్ తరువాత పిక్సార్ సంస్థ స్థాపకులలో నొకడై, పాట్ హన్రహాన్‌తో కలసి 2019 సంవత్సరపు ట్యూరింగ్ బహుమానమును పొందెను. వియత్నాము దేశమునుండి వచ్చిన బుయ్ తువాంగ్ ఫాంగ్ అను మరియొక విద్యార్థి, నునుపైన వస్తువుపై వెలుగు పడినచోట తళుకు ఎట్లు కనబడవలెనో లెక్క కట్టు సూత్రమును 1973లో తన డాక్టరేటు గ్రంథమున చూపెను. 1975లో చిన్న వయసుననే ఆయన మరణించెను. ఆయన సూత్రము మాత్రము నేటికిని తరగతి గదులలో పాఠముగా నున్నది. 1975లో మార్టిన్ న్యూయెల్ అను నాయన తన యింటి టీపాత్రను ఎదుట పెట్టుకొని గ్రాఫు కాగితముపై గీసి కంప్యూటరు కిచ్చెను. అదియే నేడు గ్రాఫిక్స్ విద్యార్థు లందరును ఎరిగిన టీపాత్ర.

ఈ వృత్తాంతములను మేము వారి ఘనత చాటుటకై చెప్పుట లేదు. వారు వాడుకొన్న సామగ్రిని చదువరులు గమనింపవలెను. ఇంటి బండి, తన చేయి, వంటయింటి పాత్ర, కొలబద్ద, ప్లాస్టరు, గళ్ల కాగితము. ఎదుటనున్న వస్తువును చేతితో తాకి, కొలిచి, లెక్కగా మార్చుటయే ఆ ప్రాజెక్టుల ప్రాణము. ఆనాటి కంప్యూటరులు గొప్ప ధనము పోసి కొన్నవే. కాని విద్యార్థి చేసిన పనికి మాత్రము కన్ను, చేయి, ఓర్పు అను మూడును చాలినవి.

ఇక గణన జ్యామితి మాట. 1978లో యేల్ విశ్వవిద్యాలయమున మైకేల్ షేమోస్ సమర్పించిన డాక్టరేటు గ్రంథమునకు ఈ శాస్త్రము పేరే శీర్షిక. ఇందు విద్యార్థులు మొదట నేర్చు సమస్య యిది. ఒక పలకపై అక్కడక్కడ మేకులు కొట్టి, అన్నింటిని చుట్టి యొక రబ్బరు పట్టీని వేసి వదలినచో, అది వెలుపలి మేకులను మాత్రమే తాకి బిగియును. ఆ పట్టీ ఆకారమునకు కాన్వెక్స్ హల్ అని పేరు. మనకు చూచినంతనే తెలియును. కంప్యూటరునకు కన్ను లేదు, రబ్బరు పట్టీయు లేదు. బిందువుల యంకెలు మాత్రమే యున్నవి. 1972లో రోనల్డ్ గ్రాహమ్ ప్రకటించిన పద్ధతి ప్రకారము, అన్నింటికంటె క్రింద నున్న బిందువును పట్టుకొని, తక్కినవానిని అచ్చటినుండి కనబడు కోణముల వరుసలో నిలిపి, మూడేసి బిందువులను చూచుచు పోవలెను. దారి ఎడమకు తిరిగినచో నడిమి బిందువు నుంచవలెను, కుడికి తిరిగినచో తీసివేయవలెను. ఎడమయో కుడియో తెలిసికొనుటకు రెండు గుణకారములు చేసి ఒకదానినుండి మరియొకటి తీసివేసినచో చాలును. ధనసంఖ్య వచ్చినచో ఎడమ, ఋణసంఖ్య వచ్చినచో కుడి. మరి సున్న వచ్చినచో? మూడు బిందువులును ఒకే గీతపై నున్నవన్నమాట. ఈ సున్న వద్దనే పెక్కు ప్రోగ్రాములు కూలును. విద్యార్థి తానుగా వ్రాసినాడా లేదా యనునదియు ఇక్కడనే బయలుపడును.

ఒకనాటి వైవా పరీక్షలో మేము చూచిన రెండు ప్రాజెక్టులను గురించి చెప్పెదము. ఒక బాలుడు ఈ సమస్యపైననే ప్రాజెక్టు తెచ్చెను. తెరపై రంగులు ముచ్చటగా నుండెను, అట్టకట్టిన నివేదిక లావుగా నుండెను. అతడు చూపిన బిందువులకు ప్రోగ్రాము చక్కగా నడచెను. మేము అయిదు బిందువులను ఒకే గీతపై నుంచుమంటిమి. ప్రోగ్రాము కదలక నిలిచిపోయెను. ఏలయని యడిగితిమి. బాలుడు కొంతసేపు తెరవంక చూచి, పిమ్మట మావంక చూచి, "ఇది నేను రాసింది కాదండి. డబ్బులిచ్చి తెచ్చుకున్నాను," అని మెల్లగా ననెను.

వాని తరువాత నొక బాలిక వచ్చెను. ఆమె తెర తెల్లనిది, చుక్కలు నల్లనివి, అంతకంటె నలంకారము లేదు. ఆమెచేతను అదే పని చేయించితిమి. పూర్ణసంఖ్యల బిందువులకు సరియైన జవాబే వచ్చెను. దశాంశములతో నిచ్చినచో, గీత నడుమనున్న యొక బిందువును ప్రోగ్రాము మూలగా చూపెను. అది తప్పు. మేము నోరు విప్పకముందే ఆమె, "ఇక్కడ తప్పు వస్తుందని తెలుసండి. సున్న రావలసిన చోట సున్న రావడం లేదు. చాలా చిన్న సంఖ్య వస్తోంది," అని చెప్పి నోటుపుస్తకము విప్పెను. దానిలో ఆమె చేతితో గీసిన బొమ్మలును, ఏనాడు ఏ తప్పు కనబడినదను వివరములును ఉండెను. కంప్యూటరులు సామాన్యముగా దశాంశ సంఖ్యలను రెంటి ఘాతములతో దాచుకొనును గనుక, 0.1కి 0.2 కూడినచో సరిగా 0.3 రాదనియు, అందువలననే ఈ చిక్కు కలిగినదనియు ఆమె మాకు విప్పి చెప్పెను.

మేము బాలికకు హెచ్చు మార్కులు వేసితిమి. మాతో కూడ కూర్చున్న మరియొక పరీక్షకుడు దీనికి ఒప్పుకొనలేదు. తప్పు జవాబిచ్చిన ప్రోగ్రామునకు ఇన్ని మార్కులేలయని యడిగెను. ఆయన మాటలో కొంత న్యాయము లేకపోలేదు. అయినను మేము చెప్పిన దిది. ఆ బాలుని ప్రోగ్రాము ఎక్కడ చెడునో వానికి తెలియదు, కావున దానిని బాగుచేయలేడు. ఈ బాలిక ప్రోగ్రాము ఎక్కడ చెడునో ఈమెకు తెలియును, కావున నేడు కాకున్న రేపు బాగుచేయగలదు. మనము మార్కులు వేయునది యంత్రమునకా, మనిషికా? ఆయన కొంతసేపు ఆలోచించి సంతకము చేసెను.

ఆ బాలుడు తెలివిలేనివాడు కాడు. సరళరేఖను గీయు ప్రోగ్రామును ఎవరి సాయమును లేక వ్రాసి తెమ్మని వానికి గడువిచ్చితిమి. తెచ్చెను. నిట్రముగా లేచు గీతలు తెగిపోవుటయు, తాను వానిని సరిచేయుటయు చెప్పుచుండగా వాని గొంతు మారెను. అంతవరకు వానిని ఆ ప్రశ్న అడిగినవారు లేరు, అంతే లోపము.

కొనిన ప్రాజెక్టును సమర్థించువారు మూడు మాటలు చెప్పుదురు. ఉద్యోగము కావలెను, సమయము లేదందురు. నిజమే, విద్యార్థులకు పలు పరీక్షలున్నవి. కాని ఉద్యోగమిచ్చువాడు అడుగునది కూడ ఈ నాలుగవ ప్రశ్నయే. ప్రాజెక్టులో నీవేమి చేసితివని యడిగినప్పుడు, కొనిన సరకు నోటిలో మాట పుట్టింపజాలదు. రెండవది, ఒక ఉపాధ్యాయునికి ఎందరో విద్యార్థులు, చూచువారెవరని. ఇది కళాశాలలు సిగ్గుపడి దిద్దుకొనవలసిన విషయము. అందరికిని పెద్ద ప్రాజెక్టు లిచ్చి ఎవరిని పరీక్షింపకుండుటకంటె, చిన్న ప్రాజెక్టు లిచ్చి ఒక్కొక్కరిని పది నిమిషములు ప్రశ్నించుట మేలు.

మూడవ మాట కొత్తది. 2022 చివర చాట్‌జీపీటీ వెలువడినది మొదలు, అడిగినంతనే ప్రోగ్రామును వ్రాసియిచ్చు యంత్రములు వాడుకలోనికి వచ్చినవి. ఇక విద్యార్థి వ్రాయవలసిన పనియేమని కొందరందురు. మేము ఆ యంత్రములకు శత్రువులము కాము. నిఘంటువును చూచినట్లు, పెద్దల నడిగినట్లు వానిని అడుగవచ్చును. అయితే కూర బయటినుండి తెప్పించుకొన్నను ఉప్పు చాలినదో లేదో చెప్పుటకు మన నాలుక మనకుండవలెను గదా. అయిదు బిందువులను ఒకే గీతపై నుంచి చూడవలెనని తోచనివానికి యంత్రము వ్రాసినదియు ఒకటే, దుకాణమువాడిచ్చినదియు ఒకటే. వ్రాయుట సులభమైన కొలది పరీక్షించుట నేర్చినవాని విలువ హెచ్చును.

మంచి ప్రాజెక్టునకు వస్తువు కొరకు దూరము పోనక్కరలేదు. మన వాకిటిలోనే యున్నది. చుక్కలు పెట్టి గీతలు కలుపు ముగ్గు గణితమునకు నెలవు. 1974లో మద్రాసునందలి గిఫ్ట్ సిరోమణి, రాణీ సిరోమణి, కమలా కృతివాసన్ అను శాస్త్రజ్ఞులు తమిళుల కోలములను, వ్యాకరణ సూత్రములవంటి సూత్రములచేత పుట్టించు విధమును శాస్త్ర పత్రికలో ప్రకటించిరి. ఆ మువ్వురిలో ఇద్దరు స్త్రీలు. వాకిట ముగ్గు పెట్టు ఆడుబిడ్డకు గణితము అబ్బదని యింకను తలచువారుండినచో ఈ సంగతి వారు వినవలెను. తల్లి పెట్టు మెలికల ముగ్గును చూచి, ఒకే గీత చుక్కలన్నిటిని చుట్టి మొదటికి వచ్చునా, రెండు గీతలు కావలెనా యని కంప్యూటరుచేత లెక్కించిన విద్యార్థిని మంచి ప్రాజెక్టు చేసినదే.

మన యక్షరములు మరియొక వస్తువు. కంప్యూటరు తెరపై కనబడు తెలుగక్షరము సామాన్యముగా కొన్ని బిందువులను పట్టి నడచు వంపుగీతలచే నేర్పడినది. ఇట్టి వంపులకు ఫ్రాన్సు దేశపు మోటారు బండ్ల కర్మాగారములలో, సిట్రోయెన్‌లో పాల్ ద కాస్తెల్జో, రెనోలో పియెర్ బెజియే పద్ధతులు కల్పించిరి. బండి రేకుకు పుట్టిన గణితము మన తలకట్టునకును ఉపయోగించుచున్నది. 'అ' అక్షరమును ఎన్ని వంపులతో గీయవచ్చునో ప్రయత్నించి చూచిన బాలునికి తన లిపి మునుపటికంటె దగ్గర యగును.

మూడవది కాపలా సమస్య. గోడలు వంకరలు తిరిగిన చిత్రశాలలో ప్రతి మూలయు కనబడుటకు ఎందరు కావలివాండ్రు కావలెను? 1973లో విక్టర్ క్లీ ఈ ప్రశ్న వేసెను. గోడల మూలలు ఎన్నియో దానిలో మూడవ వంతు మంది చాలుదురని 1975లో వాషెక్ ఖ్వాతల్ నిరూపించెను. 1978లో స్టీవ్ ఫిస్క్ దానికి అతి సులభమైన నిరూపణము చూపెను. గదిని త్రిభుజములుగా కోసి, ప్రతి త్రిభుజము మూలలకు మూడు వేర్వేరు రంగులు వచ్చునట్లు వేసి, తక్కువగా వచ్చిన రంగున్నచోట కావలి నుంచినచో చాలును. పండ్రెండు మూలల గదికి నలుగురు మించి యెన్నడును అక్కరలేదు. కాగితమును, మూడు రంగు పెన్సిళ్లును ఉన్నచో దీనిని పదియేండ్ల పిల్లలకును చూపవచ్చును. దీనిని ప్రోగ్రాముగా వ్రాయుట ఇంజనీరింగు విద్యార్థికి తగిన పని.

తల్లిదండ్రులకు మా మనవి యిది. ప్రాజెక్టునకు సొమ్మడిగినప్పుడు, అది దేనికని యడుగుడు. సొమ్మునకు బదులు సమయ మిండు. ప్రాజెక్టు జరుగు నెలలలో ఇంటిపనులనుండి కుమారుని విడిచిపెట్టునట్లే కుమార్తెను కూడ విడిచిపెట్టుడు. మీకు కంప్యూటరు విద్య రాకపోయినను చింతలేదు. బిడ్డను ఎదుట కూర్చుండబెట్టుకొని మూడు సంగతు లడుగుడు. కాగితముపై చేతితో గీసి మాకు చూపుము. ఇది ఎక్కడ చెడును? నిన్న లేనిది నేడేమి చేర్చితివి? ఈ మూడింటికి జవాబు చెప్పగల బిడ్డ, తెరపై బొమ్మ వంకరగా నున్నను, ప్రాజెక్టు చేసినట్లే. జవాబు రానిచో, ఎంత వన్నెగల బొమ్మ యైనను అది పరులది. ఆ సంగతి పరీక్షాధికారికి తెలియుటకు ముందు ఇంటిలో తెలియుట మంచిది. ఇంటిలో తెలిసినచో ఇంకను దిద్దుకొను వ్యవధి యుండును.